రాసుకుపోయినవాళ్లు తిరిగి రావాలి

మా వీధి మొదట్లో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన గల్లాపెట్టె కింద ఒక పొడవాటి పుస్తకం ఉంటుంది. ఎర్ర గుడ్డ అట్ట, లోపల నిలువు గీతలు. అరువు ఖాతా అది కాదు, ఆ ఖాతా మేకుకు వేలాడుతూ వేరే ఉంటుంది. ఈ ఎర్ర పుస్తకం నాలుగేళ్ల కిందట ఒక సర్వే కోసం ఆయన సొంత డబ్బుతో కొన్నది. ఒక బిజినెస్ స్కూలు తరఫున ఇద్దరు కుర్రాళ్లు ఆరు వారాల పాటు కొట్టుకు వచ్చారు. ఈ రోజు ఎంత అమ్మారు, ఎంత అరువు పోయింది, ఏ సరుకు ఎన్నాళ్లు కదలకుండా ఉంది అని అడిగి రాసుకునేవారు. వాళ్లు అడిగినప్పుడు లెక్క తడబడకూడదని ఆయన రాత్రి షట్టరు సగం దించి, బల్బు కింద కూర్చుని అంకెలు ఎక్కించేవాడు. కందిపప్పు ఒక గడిలో, సబ్బులు ఒక గడిలో, పాల ప్యాకెట్లు ఒక గడిలో. మొదటి వారం చేతిరాత వంకరటింకరగా ఉంటుంది. ఆరో వారానికి అచ్చు వేసినట్టు కుదిరింది.

పోయిన నెల పెరుగు కోసం వెళితే ఆ పుస్తకం తీసి నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఆ ప్రశ్నల కాగితాలు తెలుగులో రాసింది మీరే అన్నారు కదా. మరి అన్ని కొట్ల లెక్కలూ కలిపితే ఏం తేలింది? నా అరువు మిగతావాళ్ల కన్నా ఎక్కువా, తక్కువా?"

నాలుగేళ్లుగా ఆయన మనసులో ఉన్న ప్రశ్న అది. "కనుక్కుని చెబుతాను బాబాయ్ గారూ" అన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన అడిగినది ఆయన ఒక్కడి ప్రశ్నేనా, నా పనంతటి మీదా వేసిన ప్రశ్నా అన్నది అప్పటి నుంచి నన్ను వదలలేదు.

పదకొండేళ్లుగా నేను చేస్తున్నది పరిశోధన కాగితాలను తెలుగు చేయడం. మూడు వైపుల నుంచి వస్తాయి. వైద్యులు అంగీకార పత్రాలు పంపుతారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇంటింటి సర్వేకు ప్రశ్నావళులు పంపుతారు. వ్యాపారం, ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు అప్పుల గురించి, పొదుపు గురించి, కొట్ల గురించి ప్రశ్నలు పంపుతారు. నేను చేసిన తెలుగును ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతారు. రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడా అర్థం జారిపోలేదని తేల్చుకున్నాకే సర్వే మొదలవుతుంది. ఒక్క మాట కోసం నలుగురం గంటసేపు ఫోనులో వాదించుకున్న రోజులున్నాయి.

అలాంటి మాట ఒకటి చెబుతాను. మందు ఇచ్చినవాళ్లతో పోల్చి చూడటానికి మందు ఇవ్వకుండా ఉంచే జట్టు ఒకటి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని నియంత్రణ సమూహం అంటారు. నేనూ మొదట్లో అలాగే రాశాను. ఊళ్లో ఒకావిడ అది చదివించుకుని విని, "మాకు ఇద్దరు పిల్లలకే ఆపరేషన్ అయిపోయిందమ్మా, మళ్లీ నియంత్రణ ఏమిటి?" అని అడిగిందట. ఆమె జీవితంలో ఆ మాట విన్నది కుటుంబ నియంత్రణ అన్నప్పుడే. అప్పటి నుంచి "పోల్చి చూసే జట్టు" అని రాస్తున్నాను. "యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తాం" అన్నది కూడా అలాగే మారింది. ఇప్పుడు "చీటీలు వేసి తీసినట్టు" అంటే ఎవరికీ సందేహం రాదు.

అడగడానికి ఇంత శ్రద్ధ పెడతాం. అయితే ఈ పదకొండేళ్లలో, తేలిన ఫలితాలను తెలుగు చేసిపెట్టమని నాకు ఒక్క కాగితం రాలేదు. మూడు వైపుల్లో ఏ వైపు నుంచీ రాలేదు. నా కంప్యూటర్‌లో వెతికి చూశాను. ప్రశ్నలు ఉన్నాయి, అంగీకారాలు ఉన్నాయి, సమాచార పత్రాలు ఉన్నాయి. జవాబు అన్నది లేదు.

మన ఊళ్లలో సర్వేకు వచ్చినవాళ్ల గురించి చెప్పేటప్పుడు "వచ్చి రాసుకుపోయారు" అంటారు. రాయడం, పోవడం, ఈ రెండే ఆ మాటలో ఉన్నాయి. నా అభిప్రాయం ఒక్కటే. ఒక ఊరినో, ఒక ఆసుపత్రి వార్డునో, ఒక బజారునో అడిగి చేసిన పరిశోధన, తేలినదాన్ని వాళ్ల భాషలో వాళ్ల ముందుకు తెచ్చేదాకా పూర్తి కాలేదు. పత్రం అచ్చయినంత మాత్రాన దాన్ని పూర్తయిందని లెక్కేయకూడదు.

ఔరేపల్లె మాట ఔరేపల్లెకు

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుని, ఒక్కో ఊళ్లో 40 కుటుంబాల చొప్పున ఏళ్ల తరబడి లెక్కలు రాయించింది. వాటిలో నాలుగు మహారాష్ట్రవి. రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, డోకూరు ఒకటి, పత్రాల్లో ఔరేపల్లె అని రాసే ఊరు ఇంకొకటి. పరిశోధకులు ఊళ్లోనే కాపురం ఉండి మరీ రాశారు. ఏ చెలకలో ఎన్ని కూలి రోజులు, ఎద్దుల జత ఎప్పుడు అమ్మారు, ఎవరి దగ్గర ఎంత అప్పు, ఇంట్లో ఎంత జొన్న వాడారు అన్నీ. అభివృద్ధి అర్థశాస్త్రం చదివే విద్యార్థి ప్రపంచంలో ఎక్కడ ఉన్నా ఔరేపల్లె పేరు వింటాడు. అమెరికాలో ఆ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన మా బంధువుల అబ్బాయి ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు ఆ ఊరి భూముల గురించి, కరువు ఏళ్ల గురించి తన సొంత ఊరి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఎప్పుడైనా వెళ్లావా అని అడిగితే లేదన్నాడు.

ఆ ఊళ్లలో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. రైతులను కూర్చోబెట్టి నిజం డబ్బుతో బొమ్మా బొరుసా ఆడించాడు. ఖాయంగా ఇంత తీసుకుంటావా, లేక నాణెం ఎగరేసి ఒక వైపు పడితే ఎక్కువ, రెండో వైపు పడితే తక్కువ తీసుకుంటావా అన్నది ఆట. అర్ధ రూపాయితో మొదలై, ఖాయంగా వచ్చే మొత్తాన్ని పెంచుకుంటూ పోయారు. కూలీకి రోజుకు కొద్ది రూపాయలే దొరికే కాలంలో గెలవగల మొత్తం వంద రూపాయలు దాటింది. ఎవరు ఎంత తెగిస్తారు, ఎవరు ఎంత వెనుకాడతారు అని చూడటమే ఉద్దేశం. ఫలితం 1980లో అచ్చయింది. పందెం పెద్దదయ్యే కొద్దీ దాదాపు అందరూ ఒకే తీరుగా, ఓ మోస్తరుగా జాగ్రత్తపడ్డారు. ఉన్నవాడికీ లేనివాడికీ తేడా పెద్దగా కనిపించలేదు. కాబట్టి పేద రైతు కొత్త పంట వేయడానికి, ఎరువు మీద డబ్బు పెట్టడానికి వెనుకాడితే దానికి కారణం అతని స్వభావంలో వెతకడం తప్పని బిన్స్‌వాంగర్ తేల్చాడు. అప్పు దొరకకపోవడం, మార్కెట్ అందకపోవడం, సలహా చెప్పే మనిషి రాకపోవడం వంటి వాటిలో వెతకమన్నాడు.

ఈ మాట విలువ ఎంతో ఆలోచించండి. "మన రైతుకు ధైర్యం లేదు, మార్పు ఇష్టపడడు" అని సభల్లో, బ్యాంకుల్లో, ఇళ్లలో సైతం ఎన్నిసార్లు విన్నాం? మా తాత ఆ మాట పడ్డాడు. బోరు వేయడానికి అప్పు కోసం మూడుసార్లు తిరిగి, దొరకక ఊరుకుంటే, "మీ నాన్నకు తెగువ లేదు" అని మా నాన్నతో అన్నవాళ్లు ఉన్నారు. తప్పు మనిషిది కాదని, అందని అప్పుదని చెప్పే రుజువు ఆరు ఊళ్ల రైతుల చేతుల మీదుగానే తయారైంది. ఆ నాణెం ఎగరేసిన రైతు, "నువ్వు పిరికివాడివి కాదని నీ ఊళ్లోనే తేలింది" అన్న మాటను పంచాయతీ అరుగు మీద, తన భాషలో వినాలి. ఆ మాట మీద మొదటి హక్కు అతనిదే.

ఇదంతా వాళ్లకు తెలియనిదా అని ఒకరు నన్ను అడిగారు. కష్టకాలంలో ఊరివాళ్లు ఒకరినొకరు ఆదుకుంటారని రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త ఆ ఊళ్లలో మూడింటి లెక్కలతో 1994లో రాశాడు. ఒక కుటుంబం రాబడి పడిపోయిన ఏడాది దాని తిండి ఖర్చు అంతగా పడిపోదని, ఊరి మొత్తం ఖర్చుతో పాటే కదులుతుందని ఆయన చూపించాడు. ఊరివాళ్లకు చెబితే "ఇందులో కొత్తేముంది" అనవచ్చు. అననివ్వండి. ఆ తర్వాత "కానీ మా వాడకట్టులో అలా జరగలేదు" అని ఎవరో ఒకరు లేస్తారు. ఆ లేచిన మనిషి చెప్పేది పరిశోధకుడికి ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

విత్తనం నోరు విప్పి చెబుతుంది

నా వాదనకు గట్టి ఎదురుమాట మా మేనమామ దగ్గర నుంచి వచ్చింది. ఆయనది బాపట్ల వైపు, ఐదెకరాల వరి. "నాకు పత్రాలు ఎందుకే, బీపీటీ నా చేలో ఉంది కదా" అన్నాడు.

నిజమే. బీపీటీ 5204, మనం సాంబ మసూరి అని తినే బియ్యం, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. స్వర్ణ అనే ఎంటీయూ 7029 మార్టేరులో పుట్టి 1982లో వచ్చింది, ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. రకం పేరులోనే చిరునామా ఉంటుంది. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, జేజీఎల్ అంటే జగిత్యాల, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. కొత్త రకాన్ని మినీకిట్లుగా, అంటే చిన్న విత్తన సంచులుగా రైతులకు ఇచ్చి, వాళ్ల చేలలోనే పండించి చూస్తారు. పంట ఎలా ఉందో రైతు కళ్లతో చూస్తాడు. గట్టు మీద నుంచి పక్క రైతు కూడా చూస్తాడు. నచ్చకపోతే మరుసటి ఏడాది వేయడు. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పట్టి పీడిస్తే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులు తట్టుకునే సాంబ మసూరిని తయారుచేశాయి, 2008లో అదీ విడుదలైంది. ఇక్కడ పరిశోధన గింజ రూపంలో తిరిగి వచ్చింది. ఎవరూ తెలుగు చేయనక్కర లేకపోయింది.

మూడు రంగాల్లోకీ వ్యవసాయమే ఈ బాకీని మెరుగ్గా తీరుస్తోందని నేను ఒప్పుకుంటాను. అడిగినవాడికీ చెప్పినవాడికీ మధ్య ఒక చేను ఉండటం దానికి కలిసొచ్చింది.

మామయ్యతో మాట అక్కడితో ఆగలేదు. పోయిన ఏడాది ఎవరో వచ్చి మట్టి తీసుకువెళ్లారని ఆయనే చెప్పాడు. పొలంలో ఆరు చోట్ల పార పెట్టి, మట్టిని గోనె మీద పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుని మిగతావి పారబోసి, అర కిలో సంచిలో కట్టారట. దగ్గరుండి చూసి ఆ పద్ధతంతా వివరంగా చెప్పాడు. సంచికి కట్టిన చీటీ మీద తన పేరు తనే రాశాడు. "మరి ఏం తేలింది మామయ్యా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. గింజగా మారిన జవాబు ఇంటికి వస్తోంది. గింజగా మారని జవాబు ఆయన దాకా రాలేదు. జింకు తక్కువో, ఉప్పు ఎక్కువో, అది అంకెగానే ఎక్కడో ఆగిపోయింది.

ఖమ్మం నేర్పింది

వైద్యంలో ఈ బాకీ తీర్చకపోతే నష్టం ఇంకా లోతుగా ఉంటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. టీకా వేయించుకున్నవారిలో కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో కలకలం రేగింది. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం దాదాపు లేదని విచారణ సంఘం తేల్చింది. అంగీకారం తీసుకున్న తీరులో మాత్రం లోపాలు బయటపడ్డాయి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు.

ఆ 2,763 నన్ను ఇప్పటికీ కుదిపే అంకె. అంగీకార పత్రం తెలుగు చేసేటప్పుడు "తల్లి లేదా తండ్రి సంతకం" అన్న గీత దగ్గర ప్రతిసారీ నా చేయి ఆగుతుంది. తల్లి ఏ భద్రాచలం అడవి పల్లెలోనో ఉంటే, పిల్ల హాస్టల్లో ఉంటే, ఆ గీత మీద వార్డెన్ సంతకం చేసేస్తే, ఆ తల్లికి ఏం జరుగుతోందో చెప్పింది ఎవరు? మొదట చెప్పలేదు. తర్వాత చెప్పారా? ఆమె విన్నది వదంతి. "మన పిల్లల మీద ప్రయోగాలు చేశారు" అన్న ఆ ఒక్క వాక్యం ఇప్పటికీ తిరుగుతోంది. ఏ కొత్త టీకా వచ్చినా ముందు అదే లేస్తుంది.

ఈ కథకు రెండో సగం ఉంది, అది చాలామంది వినలేదు. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల ఇంకో హెచ్‌పీవీ అధ్యయనం జరుగుతోంది. రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. 2010లో వచ్చిన నిలిపివేతతో అదీ మధ్యలో ఆగింది. మొత్తం 17,729 మంది అమ్మాయిల్లో 4,950 మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. ఒక్క డోసుతో కూడా రక్షణ బలంగా నిలిచిందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన వాటిలో ఈ అమ్మాయిల లెక్క ఒకటి. పేద దేశాల్లో టీకా అందే పిల్లల సంఖ్య దానివల్ల ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు. మధ్యలో ఆగిన సూది వల్ల లోకానికి ఇంత మేలు దొరికిందన్నది తెలుగు ఇళ్లలో ఎంతమంది చెప్పగా విన్నారు? నా చుట్టూ ఉన్నవాళ్లను అడిగితే ఖమ్మం గురించి అందరూ చెప్పారు, దీని గురించి ఒక్కరు కూడా చెప్పలేదు. భయం తెలుగులో వచ్చింది, ఫలితం ఇంగ్లీషులో ఉండిపోయింది.

అప్పు ఏం చేసింది, ఏం చేయలేదు

కొట్టు పెద్దాయన భార్య పదిహేనేళ్ల కిందట గ్రూపు అప్పు తీసుకుంది. పది వేలు, యాభై వారాల కిస్తీ. వారం ఏ రోజు కట్టాలో, ఎవరింటి ముందు కూర్చునేవారో ఇప్పటికీ చెబుతుంది. ఆ కాలంలోనే హైదరాబాద్‌లో ఈ అప్పుల మీద ప్రపంచమంతా చదివిన అధ్యయనం ఒకటి జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మరో ఇద్దరితో కలిసి 104 బస్తీలను తీసుకుని, చీటీలు వేసినట్టు 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా అప్పులు ఇచ్చేలా చూశారు. ఏడాదిన్నర తరువాత ఒకసారి, ఇంకో రెండేళ్లకు ఒకసారి మళ్లీ ఇళ్లకు వెళ్లారు. అంతకు ముందే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కొంత పెంచుకున్నారు. ఇంటికి పనికొచ్చే వస్తువులు కొన్నారు. టీ, పొగాకు వంటి వాటి మీద ఖర్చు తగ్గించుకున్నారు. మొత్తం ఇంటి ఖర్చు మాత్రం పెరగలేదు. పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పు పేదరికాన్ని తుడిచేస్తుందన్న ఆశ నిలవలేదు, అప్పు ముంచేస్తుందన్న మాటకు కూడా ఆ లెక్కల్లో బలం దొరకలేదు. పత్రం 2015లో అచ్చయింది. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. ఈ మధ్యలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ అప్పులకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తేవడం, వసూళ్లు ఆగిపోవడం అందరికీ గుర్తున్నదే.

పోయిన వారం ఆ పత్రంలో తేలినదంతా పెద్దాయన భార్యకు తెలుగులో చెప్పాను. కొట్టులో పప్పు గింజలు ఏరుతూ విన్నది. వస్తువులు కొన్నారన్న చోట తలెత్తి, మూలన ఉన్న పాత ఫ్రిజ్జు చూపించింది. "అదే. పాల ప్యాకెట్ల కోసం" అంది. ఆ తర్వాత ఆమె అడిగింది నేను ఊహించనిది.

"ఆ నూటనాలుగు బస్తీల్లో మన బస్తీ ఉందా?"

పత్రంలో బస్తీల పేర్లు ఉండవు, జవాబు చెప్పినవాళ్ల గుట్టు కాపాడటానికి. అది సరైన నియమమే. అదే ఆమెకు చెప్పాను. "మరి మేం చెప్పామో లేదో మాకెలా తెలుస్తుంది?" అంది. పేర్లు దాచడం ఒక మర్యాద. చెప్పినవాళ్ల దగ్గరే ఫలితం దాచిపెట్టడం ఆ మర్యాదలోకి రాదు.

అటువైపు మాటలు

నేను పనిచేసే పరిశోధకులు మంచివాళ్లు. ఈ విషయం ఎత్తితే ఎవరూ కాదనరు, ఇబ్బందులు చెబుతారు. అవి తీసిపారేసేవి కావు.

మొదటిది, పరిశోధన చెప్పేది సగటు, మనిషి అడిగేది తన సంగతి అంటారు. మందు వల్ల సగటున మెరుగైందంటే తనకూ మెరుగవుతుందని అనుకుంటాడని భయం. ఇందులో నిజం ఉంది. కానీ కొట్టు పెద్దాయన ప్రశ్న మళ్లీ చదవండి. తన అరువు మిగతా కొట్లకన్నా ఎక్కువా తక్కువా అన్నాడు. ఆయన అడిగింది సగటునే. తన అంకె ఆయన దగ్గరే ఉంది, ఎర్ర పుస్తకంలో.

రెండోది డబ్బు, మనుషులు. ఊళ్లు తిరిగి రాసుకొచ్చే కుర్రాళ్లు తాత్కాలిక ఉద్యోగులు. ప్రాజెక్టు అయిపోగానే తలో దారి. మా కొట్టుకు వచ్చిన ఇద్దరిలో ఒకరు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు. మళ్లీ వెళ్లడానికి ఎవరున్నారు అంటారు. అయితే ఆ కుర్రాళ్లను అడిగి చూడండి. ఒక సర్వే సూపర్‌వైజరు నాతో చెప్పింది: రెండోసారి వెళ్లినప్పుడు "మొన్న రాసుకుపోయినదేమైంది" అని అడిగి, జవాబు రాకపోతే తలుపు వేసేస్తారట. వేసిన తలుపు ముందు నిలబడేది పత్రం మీద పేరున్న ప్రొఫెసర్ కాదు, రోజుకూలి మీద వచ్చిన ఆ అమ్మాయి.

మూడోదానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఔరేపల్లె వంటి చోట లెక్క ఏళ్ల తరబడి సాగుతుంది. మధ్యలో ఫలితం చెబితే మనుషుల నడవడి మారి, తర్వాతి లెక్క చెడుతుందేమో. పూర్తయ్యాక చెప్పండి అనవచ్చు, కానీ ముప్పై నలభై ఏళ్లు సాగేదానికి పూర్తి కావడం ఎప్పుడు? దీని మీద నా మనసు ఇంకా ఒక వైపు ఒరగలేదు. ఒక తరం వాళ్లు ఫలితం వినకుండానే వెళ్లిపోవడం మాత్రం న్యాయమని అనుకోలేను.

ఏమీ తేలకపోతే ఏం చెప్పాలి అని కూడా అడుగుతారు. దీనికి ఉద్దానమే జవాబు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరి, జీడి తోటల ఊళ్లలో మూత్రపిండాల జబ్బు ఎందుకు ఇంతగా ఉందో తెలుసుకోవడానికి ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్లు, మట్టి తీసుకువెళ్లాయి. కచ్చితమైన కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో ఆసుపత్రి వచ్చింది, కుళాయి నీళ్లు వచ్చాయి. కానీ "మీ నీళ్లలో ఫలానా లోహం ఉందేమోనని చూశాం, అది కారణమని తేలలేదు, తర్వాత ఇది చూస్తున్నాం" అన్న మాట, చేయి చాపి రక్తం ఇచ్చిన మనిషికి అక్కర్లేదా? ఏమీ తేలలేదన్నది చెప్పనిచోట, ఏదో తేలింది, దాస్తున్నారు అన్న అనుమానం మొలుస్తుంది.

ఒక పేజీ

నేను అడుగుతున్నది కొత్త సంగతేమీ కాదు. వైద్య పరిశోధనకు ప్రపంచమంతా పాటించే హెల్సింకి ప్రకటన 2013 పాఠంలో, పాల్గొన్నవాళ్లందరికీ మొత్తం ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. ఐరోపా సమాఖ్యలో మందుల ప్రయోగం ముగిసిన ఏడాదిలోపు మామూలు మనిషికి అర్థమయ్యే సారాంశం పెట్టాలన్న చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మన దేశం విదేశీ పత్రికలు చదవడానికి "ఒకే దేశం, ఒకే చందా" కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. విద్యార్థులకు అది గొప్ప మేలు, మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ పత్రికల్లో ఔరేపల్లె గురించి ఉన్నది ఔరేపల్లె చదవాలంటే ఆ తలుపు చాలదు. పీహెచ్‌డీకి ముందు పత్రం అచ్చు వేయించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. ఆ ఖాళీలో, పాల్గొన్నవాళ్ల భాషలో ఒక్క పేజీ రాసి, వాళ్ల ముందు చదివి వినిపించాలన్న నియమం పెడితే ఎంత బాగుంటుంది! ఆ పేజీ రాయలేని విద్యార్థికి తన ఫలితం తనకే ఇంకా అర్థం కాలేదన్నమాట. ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. మెలికలు తిరిగిన ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేయబోయి "దీని అర్థం ఏమిటి?" అని అడిగితే, రాసినవాళ్లే ఆగి ఆలోచించుకున్న సందర్భాలు చాలా చూశాను.

ఇప్పుడు నేను పంపే ప్రతి అంచనాలోనూ ఒక వరుస చేరుస్తున్నాను. ప్రశ్నావళి ఇన్ని పేజీలు, ఇంత. అంగీకార పత్రం ఇన్ని పేజీలు, ఇంత. ఫలితాల సారాంశం ఒక పేజీ, ఉచితం. నలుగురికి పంపాను. ఇద్దరు ఆ వరుస గురించి ఏమీ అనలేదు. ఒకరు మంచి ఆలోచన, చూద్దాం అన్నారు. ఒక డాక్టరు గారు మాత్రం వెంటనే ఫోను చేసి, "ఎనిమిదేళ్ల కిందటి నా పాత అధ్యయనానికి కూడా చేస్తారా?" అని అడిగారు. చేస్తాను అన్నాను.

బిజినెస్ స్కూలుకు పెద్దాయన గురించి నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి, ఆ పని చూసినవారు వేరే చోటికి వెళ్లారని వచ్చింది. ఆ సంగతి చెబితే పెద్దాయన ఎర్ర పుస్తకం చివరి పేజీ తెరిచి, వాళ్ల చిరునామా ఇంగ్లీషులో రాసిపెట్టమన్నాడు. ఉత్తరం తనే రాస్తానన్నాడు, తెలుగులో. ఇంగ్లీషు చేసి పంపడం నా వంతు.

నిన్న సాయంత్రం ఇచ్చాడు. రెండు పేజీలు, ఆరో వారం నాటి చేతిరాతతో. మొదటి వాక్యం దగ్గరే ఇంకా ఉన్నాను: "అయ్యా, నా లెక్క మీ దగ్గర ఉంది."